ఆరు కాలిఫోర్నియా వైన్లు, ఎనిమిది మందిమి, పక్కన చేపల పులుసు: ఏ వరసలో పోయాలి?

పెన్నాఒడ్డు (నెల్లూరు):

మృగశిర కార్తె నాడు రాత్రి మా మిద్దె మీద భోజనాలు. ఎనిమిది మందిమి. బావావాళ్ళు ముగ్గురూ శాన్ హోసే నుంచి వస్తా మనిషికి రెండు చొప్పున ఆరు వైన్ బాటిళ్ళు తెచ్చారు, అన్నీ కాలిఫోర్నియావే. బుడగలొచ్చేది అండర్సన్ వ్యాలీ స్పార్క్‌లింగ్ (బ్రూట్ అని ఉంది, అంటే తీపి దాదాపు లేనిది), తెల్లవి సోనోమా సావిన్యాన్ బ్లాంక్, రష్యన్ రివర్ వ్యాలీ షార్డనే, ఎర్రవి కార్నెరోస్ పినో న్వార్, నాపా వ్యాలీ కాబర్నే 2019, లోడై జిన్‌ఫాండెల్ (లేబుల్ మీద ఆల్కహాల్ 15.2 శాతం).

తలా కాస్త అన్నీ రుచి చూడాలని ప్లాను. వంట మాత్రం మన వంటే. రొయ్యల వేపుడు, మామిడికాయ వేసిన కొర్రమీను పులుసు (పొద్దున్నే వండి పెట్టేస్తారు), గారెలు, పొట్టేలు మాంసం, ముద్దపప్పు, పెరుగన్నం, ఆఖర్న మలై కాజా.

అనుమానాలు ఇవీ. ఏది ముందు ఏది వెనక, ఎంతెంత పోయాలి? రెడ్ వైన్ రూం టెంపరేచర్‌లో తాగాలంటారు, మా ఇంట్లో రాత్రి 9కి కూడా 34 డిగ్రీలు ఉంటుండాది, అట్టనే పోసేయొచ్చా? పులుసుకి ఏది కుదురుతుంది? వైన్ గ్లాసులు నాలుగే ఉండాయి, మిగతావి ఏంది చెయ్యాలి?

కావలి_కార్క్:

ముందు లెక్క చూసుకో అన్నా. ఆరు బాటిళ్ళంటే 4500 మి.లీ. ఎనిమిది మందికి పంచితే తలకి 560 పైమాటే. 14 శాతం ఉన్న వైను అంత తాగితే 30 మి.లీ. విస్కీ పెగ్గులు ఆరు తాగినట్టు. నాలుగో బాటిల్ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ రుచి తెలీదు, ఏది పోసినా బాగుందనే అంటారు.

పెగ్ మెజర్ ఒకటి దగ్గర పెట్టుకో. ప్రతి వైనూ మనిషికి రెండు సార్లు, 30 చొప్పున. మొదటి 30 ఉత్తగా, రెండో 30 కూరతో. ఎనిమిది మందికి 480 ఖర్చవుతుంది, బాటిల్‌లో 270 మిగులుతుంది, నచ్చినోళ్ళు దాన్నే ఇంకొంచెం పోసుకుంటారు. మనిషికి మొత్తం 360 మి.లీ., నాలుగు చిన్న పెగ్గులంత. దాన్ని రెండున్నర మూడు గంటలకి తక్కువ కాకుండా సాగదీయండి. నోట్లో తిప్పి ఉమ్మేయడానికి ఒక చెంబు పెట్టు. వైన్ వ్యాపారంలో ఉన్నోళ్ళంతా అట్టనే చూస్తారు, నామోషీ ఏం లేదు. ఉమ్మినా కొంత లోపలికి పోనే పోతుంది కాబట్టి ఆ రాత్రి బండి తాళాలు ఎవరూ తియ్యొద్దు.

వరస: స్పార్క్‌లింగ్, సావిన్యాన్ బ్లాంక్, షార్డనే, పినో, కాబర్నే, జిన్‌ఫాండెల్. కాబర్నేని ఆఖర్న పెట్టేవాళ్ళే ఎక్కువ. కానీ నీ జిన్‌ఫాండెల్ 15.2 ఉంది. లోడైలో పగటి ఎండలకి పండు బాగా మాగి, వైను నేరేడు పండు జామ్‌లాగా వాసనేస్తుంది. దాని వెనక కాబర్నే పోస్తే పాపం ఎండుకట్టె నమిలినట్టే ఉంటుంది.

ఇక వేడి. ఈ రూం టెంపరేచర్ అనే మాట ఐరోపాలో చల్లటి రాతి ఇళ్ళల్లో పుట్టింది, దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. 34 దగ్గర రెడ్ వైన్ పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కులో పొడుస్తుంది, పండు వాసన దాని కింద పడి కనపడదు. జిన్‌ఫాండెల్ అయితే దగ్గు మందే. అందుకని ఆరూ పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టేయ్. కాబర్నే, జిన్‌ఫాండెల్ పోసే ముందు అరగంటకి తక్కువ కాకుండా బయట ఉంచు, 16 దగ్గరికి రావాలి. పినోకి 20 నిమిషాలు, షార్డనేకి పది చాలు. సావిన్యాన్, స్పార్క్‌లింగ్ నేరుగా ఫ్రిజ్‌లోంచే. జూన్ రాత్రి గ్లాసులో పడిన వైను నిమిషాల్లో వేడెక్కుతుంది, కాబట్టి అనుకున్నదానికంటే రెండు డిగ్రీలు చల్లగా పోయడమే మంచిది. అందుకే 30 మించి పోయొద్దనేది కూడా.

కరెంటు పోయి ఫ్రిజ్ చల్లగా లేకపోతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు, రెండు గుప్పెళ్ళు కల్లుప్పు. 20 నుంచి 25 నిమిషాల్లో పని అయిపోతుంది. ఉత్త ఐసులో గుచ్చితే మధ్యలో గాలి ఉండి తొందరగా చల్లబడదు, నీళ్ళు పడాల్సిందే. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. మర్చిపోతే వైను గడ్డకట్టి కార్కుని బయటికి నెడుతుంది. స్పార్క్‌లింగ్ అయితే సీసానే పగలొచ్చు.

కందుకూరు_వంటిల్లు:

వరస బాగుంది. అయితే ఆ వరసకి వంటని కట్టేస్తేనే వస్తుంది చిక్కంతా. రుచి చూడటం వేరు, భోంచేయడం వేరు, రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి గంట పక్కన ఉప్పు లేని బొరుగులు, మంచినీళ్ళు, అంతే. మసాలా వేరుశెనగలు, మిక్స్చరు, వక్కాకు దగ్గరికి రానీయొద్దు. వక్క వగరూ రెడ్ వైన్ వగరూ ఒకటే జాతి. నోరు ముందే వగరెక్కితే కాబర్నే గురించి ఎవరేం చెప్పినా ఆ మాట నమ్మడానికి లేదు.

పులుసు సంగతి. చింతపండులో పులుపు ఎక్కువగా టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలో ఉండేదీ అదే. మన పులుసులో అది వైన్‌లో కంటే బాగా ఎక్కువ, పైన మామిడికాయ పులుపు. కూర పులుపు వైన్ పులుపుని దాటితే వైను చప్పబడి నీళ్ళలాగా ఉంటుంది. ముందు దెబ్బ తినేది షార్డనే. రష్యన్ రివర్ షార్డనేల్లో చాలావాటికి రెండో పులియబెట్టు జరుగుతుంది. అందులో పచ్చి ఆపిల్ పులుపు పోయి పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, వెన్న వాసన కూడా అక్కడిదే. ఆ మెత్తదనం పులుసు పక్కన నిలబడలేదు. నీ ఆరింట్లో పులుసుని తట్టుకునేవి రెండే, సావిన్యాన్ బ్లాంక్, స్పార్క్‌లింగ్. రెంటికీ పులుపు ఎక్కువ. ఇంకోసారి ఎవరైనా తెచ్చేట్టయితే కొంచెం తీపి తగిలే రీస్లింగ్ అనే తెల్ల వైను తెమ్మను. కారానికి, పులుపుకి రెంటికీ సరిపోయేది అదే.

కారం గురించి. ఆల్కహాల్ మిరప మంటని పెంచుతుంది, బుడగలు కూడా నాలుక మీద చురుక్కుమంటాయి. అందుకని వేపుడులో కారం తగ్గించాలి. శుభ్రం చేసిన రొయ్యలు కిలోకి మామూలుగా వేసే మూడు చెంచాల కారం బదులు ఒకటి వేసి, మిగతా ఘాటు మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకుతో తెప్పించండి. రొయ్యల నీళ్ళు ముందు ఇగరనిచ్చి, తర్వాత నూనెలో మూడు నాలుగు నిమిషాలు మాత్రమే వేయించాలి. ఎక్కువైతే రబ్బరు. నిమ్మకాయ వంటలో పిండకండి, పళ్ళెంలో పెట్టండి.

మాంసం కూరలో కారం, గరం మసాలా పడకముందే, ఉప్పు పసుపు అల్లంవెల్లుల్లితో ఉడికిన ముక్కలు ఒక పదహారు పక్కకి తీయండి. కొవ్వు అంటుకున్నవైతే మేలు. వాటిని నేతిలో మిరియాల పొడితో ఎర్రగా వేయించండి. కాబర్నే వగరుకి మాంసం, కొవ్వు, ఉప్పు మూడూ కావాలి. వగరు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టి నోరు ఎండగడుతుంది. మాంసం ఉంటే దాన్ని పట్టుకుని నోటిని వదిలేస్తుంది. అసలు కూర, గసగసాలు కొబ్బరి వేసి వండితే, జిన్‌ఫాండెల్‌కి పోతుంది. గారెల్ని ఆ కూరలోనే ముంచండి.

షార్డనే వదిలేశామనుకోకండి. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, కాస్త ఉప్పు. ఆవకాయ లేకుండా ఒక్క ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నెయ్యి నాలుక మీద ఉండగానే 10 లేక 12 డిగ్రీల షార్డనే ఒక గుక్క. నెయ్యి, ఆ వైన్‌లో వెన్న వాసన, పీపా చెక్క వాసన ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఈ మొత్తం భోజనంలో నన్నడిగితే పెద్ద జోడీ ఇదే. ఆవకాయ కలిపితే మాత్రం అయిపోయినట్టే.

కాజా వైన్లన్నీ ముగిశాక. వైన్ కంటే తీపి ఎక్కువున్నది తింటే వైను వట్టి పులుపుగా అనిపిస్తుంది. బ్రూట్ అని ఉన్న స్పార్క్‌లింగ్‌తో కాజా తింటారు కొందరు, అదొక శిక్ష.

గూడూరు_నిమ్మ:

వేపుడులో కారం తగ్గించండి, ఒప్పుకుంటా. పులుసులో మాత్రం ఎవరి మాటా వినొద్దు. వైన్ కోసం చింతపండు తగ్గించిన పులుసు అటు పులుసూ కాదు, ఇటు ఇంకోటీ కాదు. పులుసన్నం వచ్చినప్పుడు గ్లాసులు పక్కన పెట్టేసి మంచినీళ్ళు తాగితే ఏం పోయింది? తర్వాత రెండు ముద్దల పెరుగన్నం. మిరపలో మంట పుట్టించేది పాలప్రొటీనుకి అంటుకుని పోతుంది, నీళ్ళకి పోదు. ఆ పైన నోరు కడుక్కుంటే మాంసం, రెడ్ వైన్ మొదలుపెట్టుకోవచ్చు. అంటే మన వరస తప్పాల్సిందే. పెరుగన్నం మధ్యలో ఒకసారి, చివర్న ఒకసారి.

ఇంకోటి. జిన్‌ఫాండెల్ పులుసుతో బో ఉంటుందని చెప్పేవాళ్ళుంటారు, పండు తీపి ఉంది గదా అని. నమ్మకండి. 15.2 శాతం ఆల్కహాల్ మీద మిరప మంట, దానికి తోడు చేప. రెడ్ వైన్ చేపతో నీచు కొట్టేది ఎక్కువగా ఇనుము వల్ల. వైన్‌లో ఉన్న కొద్దిపాటి ఇనుము చేప కొవ్వుతో కలిసి ఆ వాసన పుట్టిస్తుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. కానాగంతల్లాంటి నూనె చేపతో ఇంకా ఎక్కువ. కొర్రమీను కొవ్వు తక్కువ చేప, కొంత నయం, అంతే.

కందుకూరు_వంటిల్లు:

పులుసన్నానికి మంచినీళ్ళు, సరే. అయినా ఎవరైనా రెడ్డే కావాలని పట్టుబడితే పినో 13 డిగ్రీల దగ్గర పోయండి, దానికి వగరు తక్కువ. రెండు చుక్కలు చూసి వద్దనుకుంటే చెంబు ఉండనే ఉంది.

పెన్నాఒడ్డు:

అందరికీ థాంక్సు. పెరుగన్నం మధ్యలో అంటే మా పెద్దమ్మ ఊరుకోదు, అయినా చూస్తా. ఇంకో మూడు ఉండాయి. బావేమో బాటిళ్ళకి కాగితాలు చుట్టి పేర్లు తెలీకుండా పోద్దామంటుండాడు. కార్కులు తీయడం మాకెవరికీ సరిగ్గా రాదు. జిన్‌ఫాండెల్ అసలు కాలిఫోర్నియాది కాదు, ఇటలీది అని ఒకాయన వాదన.

మైపాడు_గాలి:

కాగితాలు చుట్టడం మంచి పనే. 1976లో పారిస్‌లో ఇట్టాగే పేర్లు దాచి పోస్తేనే గదా ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు నాపా వాళ్ళ 1973 షార్డనే, 1973 కాబర్నేలకి మొదటి స్థానం ఇచ్చింది. షాతో మోంటెలీనా, స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్. పేర్లు కనపడి ఉంటే ఆ మార్కులు పడేవి కావు. అయితే నీ ఆరింట్లో తెల్లదేదో ఎర్రదేదో రంగే చెప్తుంది. దాచాల్సింది మూడు రెడ్లనే. సీసా ఆకారం కూడా పట్టిస్తుంది. పినో సీసాకి భుజాలు జారుడుగా ఉంటాయి, కాబర్నేకి నిక్కి ఉంటాయి. కాబట్టి పేపర్ మెడ దాకా మందంగా చుట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వెయ్యి. మెడ మీదున్న రంగు రేకు మొత్తం పీకెయ్. పోసేవాడు వేరే, నంబర్లు రాసేవాడు వేరే ఉండాలి. వరస మాత్రం కావలి ఆయన చెప్పిందే ఉంచు, రెడ్లని కలగాపులగం చేస్తే 15.2 ముందొచ్చి మిగతా రెండూ నష్టపోతాయి.

మిద్దె మీద అంటున్నావు, బాగుంది, వంటింటి పోపు వాసన రాదు. అగరొత్తి, దోమల చక్రం, సెంటు, మల్లెపూలు ఆ గంటసేపు దూరం. మల్లెపూలు వద్దంటే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకుంటారా అనేది నీ పాట్లు. కానీ వైన్‌లో సగం పైన ముక్కుతోనే తెలిసేది.

గ్లాసులకి డబ్బు పోయకు. పల్చటి గాజుతో, కింద బొజ్జ ఉండి పైన నోరు సన్నగా ఉన్నది ఏదైనా సరే, ఎనిమిదీ ఒకే రకం అయితే చాలు. నీ నాలుగు వైన్ గ్లాసులు కొందరికీ, టీ గ్లాసులు కొందరికీ ఇస్తే ఎవరి మాటా ఎవరితోనూ కలవదు. స్టీలు గ్లాసులో వాసన నిలవదు, రంగు కనపడదు. గ్లాసుల్ని ఎక్కువగా దెబ్బతీసేది సబ్బు వాసన, బీరువా వాసన. సబ్బు లేకుండా వేడినీళ్ళతో రెండు సార్లు కడిగి, నూలుగుడ్డ మీద బోర్లించు. పోసే ముందు ఖాళీ గ్లాసు వాసన చూడు, ఏ వాసనా రాకూడదు. ఒక వైన్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు నీళ్ళతో కడగక్కర్లేదు. తర్వాత వైను ఒక చెంచా పోసి తిప్పి పారబోస్తే చాలు.

కార్కు. స్క్రూ మధ్యలో గుచ్చి, ఆఖరి చుట్టు ఒకటి బయట ఉండేదాకా తిప్పు. పూర్తిగా దిగితే కింద నుంచి పొట్టు వైన్‌లో రాలుతుంది. లాగేటప్పుడు చేయి నిలువుగా, పక్కకి వంచితే విరుగుతుంది. విరిగితే మిగతా ముక్కలో స్క్రూని కొంచెం ఏటవాలుగా దించి లాగు, రాకపోతే లోపలికి నెట్టి టీ వడకట్టే జాలీలోంచి పోసుకో, నష్టం లేదు.

స్పార్క్‌లింగ్ దగ్గర మాత్రం ఆటలొద్దు. లోపల 5 నుంచి 6 వాతావరణాల పీడనం ఉంటుంది, కారు టైరు కంటే రెండింతల పైన. బాగా చల్లబడి ఉండాలి, మిద్దె మెట్లెక్కేటప్పుడు ఊగకూడదు. రేకు తీసి, బొటనవేలు కార్కు మీద నుంచి తీయకుండా తీగని ఆరు అరచుట్లు తిప్పి వదులు చెయ్, తీగని ఊడదీయకు. సీసాని ఏటవాలుగా, మనుషులు లేని వైపు పట్టుకో. కార్కుని గట్టిగా పట్టి సీసాని అడుగు నుంచి తిప్పు, కార్కుని కాదు. చివర్లో అదే పైకి తోస్తుంది, నువ్వు కిందికి నొక్కి పట్టాలి. ఉస్సుమని రావాలి. ఠప్పుమని పేలితే పావు బాటిల్ నేల పాలు.

తీయగానే చూడాల్సినవి రెండు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే అది కార్కు దోషం, టీసీఏ అంటారు. తాగితే హాని లేదు గానీ ఎంతసేపు పెట్టినా పోదు, ఆ బాటిల్ పక్కన పెట్టేయ్. రెండోది ఎండ దెబ్బ. రేకు కింద జిగట చార, కార్కు మూతి పైకి ఉబ్బడం, వాసన చూస్తే ఉడికిన పండు. ఇది మన దగ్గరే ఎక్కువ, చెన్నై నుంచి కారు డిక్కీలో వచ్చిన బాటిళ్ళకి.

కావలి_కార్క్:

జిన్‌ఫాండెల్ వాదన తీర్చేద్దాం. ఇటలీ ప్రిమిటీవో, జిన్‌ఫాండెల్ ఒకటే ద్రాక్ష. పుట్టింది మాత్రం ఇటలీలోనూ కాదు, క్రొయేషియా తీరంలో. 2001లో అక్కడి పాత తీగలతో డీఎన్‌ఏ పోల్చి తేల్చారు. కాలిఫోర్నియాకి 19వ శతాబ్దంలోనే వచ్చింది. అక్కడ నూరేళ్ళు దాటిన తోటలు ఇంకా కాపు ఇస్తుండాయి.

లేబుల్ చదివేటప్పుడు కొన్ని తెలిస్తే మంచిది. నాపా వ్యాలీ అని ఉంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి, కాబర్నే అని ఉంటే 75 శాతం కాబర్నే చాలు, మిగతాది మెర్లో లాంటి వేరే ద్రాక్ష కలపొచ్చు. ఉత్త కాలిఫోర్నియా అని ఉంటే నూరు శాతం ఆ రాష్ట్రానిదే. రిజర్వ్, ఓల్డ్ వైన్ (Old Vine, అంటే పాత తీగ) అనే మాటలకి చట్టంలో అర్థమేమీ లేదు, వాటికి ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు. ఆల్కహాల్ అంకె కూడా అటూ ఇటూ. 14 దాటినవాటికి ఒక శాతం తేడా ఉండొచ్చు. నీ 15.2 నిజానికి 16 కూడా కావచ్చు. ఆఖర్న పెట్టమన్నది అందుకే.

కాబర్నే 2019 కాబట్టి దాన్ని మాత్రం అరగంట కాదు, గంట ముందు తీసి గాజు జగ్గులోకి ఒంచు. ముందురోజు నుంచి నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది. జగ్గుని చల్లటి నీళ్ళ బేసిన్‌లో పెట్టు, లేకపోతే గంటలో బాగా వేడెక్కుతుంది.

ఒంగోలు_రథం:

మధ్యలో దూరుతున్నా. ఆగస్టులో మా తమ్ముడు వస్తున్నాడు. ఎన్ని తేవచ్చు, డిక్కీలో వేడెక్కకుండా ఎట్టా?

మైపాడు_గాలి:

కస్టమ్స్ సుంకం లేకుండా పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 2 లీటర్లు. 750వి రెండు అంటే 1.5 లీటర్లు, మూడోది పెడితే 2.25 అయి దాటుతుంది. రెండు పెద్దవి, ఒక 375 మి.లీ. సగం సీసా తెస్తే 1.875, సరిగ్గా ఇముడుతుంది. చేతి సంచిలో రానివ్వరు, చెక్‌ఇన్ పెట్టెలోనే. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, జీన్స్ ప్యాంటు కాలులో దూర్చి, పెట్టె నడిమధ్యలో.

కారుకి రొయ్యలు వేసే థర్మాకోల్ పెట్టె పట్టుకెళ్ళు, మన దగ్గర దానికేం కొదవ. కొత్తదే తీసుకో, వాడినదాని నీచు ఎంత కడిగినా పోదు. ఐసు పెట్టక్కర్లేదు, రెండు చల్లటి నీళ్ళ సీసాలు పక్కన పెట్టి మూత టేపు వెయ్. డిక్కీలో కాదు, ఏసీ తగిలేట్టు సీటు కింద. దారిలో భోజనానికి ఆగితే పెట్టె కూడా లోపలికి పట్టుకుపో.

పెన్నాఒడ్డు:

చివరగా, మిగిలింది ఎన్నాళ్ళు ఉంటుంది?

కావలి_కార్క్:

కార్కు తిరగేసి బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టు, రెడ్డయినా సరే. సావిన్యాన్, షార్డనే, జిన్‌ఫాండెల్, కాబర్నే మూడు రోజులు బాగుంటాయి. పినో రెండో రోజుకే నీరసపడుతుంది. సగం కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి నిండా పోసి మూత పెట్టు, లోపల గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. స్పార్క్‌లింగ్ మెడలో స్టీలు చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయంటారు, నిలవవు. దానికి వేరే బిగింపు మూత ఉంటుంది, లేకపోతే ఆ రాత్రే రొయ్యల వేపుడుతో అవగొట్టెయ్యండి.